కత్తి ఒరలోనే ఉంచి తిరిగిన వారం

ఏడు రోజులు సెలవు దొరికింది. పెట్టె సర్దలేదు, టికెట్ కొనలేదు. నేను ఆడిన గేముల పాత సేవ్ ఫైళ్లన్నీ ఒకసారి తెరిచి చూసుకుని, ఏ రోజు ఏ లోకానికి వెళ్లాలో ఒక కాగితం మీద రాసుకున్నాను. చాలా ఏళ్లుగా ఒక సంగతి నన్ను వదలడం లేదు. చూసొచ్చిన చోట్లు ఏవని తలచుకుంటే, నిజంగా కాలు పెట్టిన ఊళ్ల వరసలోనే గేముల్లో తిరిగిన చోట్లు కూడా వచ్చి నిలబడతాయి. ఒక వంతెన, ఒక లిఫ్టు, ఒక ఇసుక వాలు. కంటికి అందంగా ఉన్నందుకే గుర్తున్నాయా అంటే, అందమైన బొమ్మలు రోజూ ఎన్నో చూస్తుంటాం, తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు. మరి ఇవెందుకు మిగిలాయి? మళ్లీ వెళ్లి, తీరిగ్గా చూసి రావాలనిపించింది.

కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. తప్పనిసరైతే తప్ప ఎవరితోనూ పోరాడకూడదు. ఫాస్ట్ ట్రావెల్, అంటే నడవకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఒక్కసారిగా చేరిపోయే వీలు, వాడకూడదు. తెర మీద మ్యాపు, బాణం గుర్తులు ఆపేయగలిగిన చోటల్లా ఆపేయాలి. కథలోని మలుపులు దాచి ఈ చోట్ల గురించి రాయడం కుదరదు, కాబట్టి ఏదైనా గేమ్ ఇంకా ఆడనివాళ్లు ఆ రోజును దాటేసి ముందుకు వెళ్లండి.

మొదటి రోజు: ఎవరూ లేని నేల

వంతెనతోనే మొదలుపెట్టాలని ముందే అనుకున్నాను. 'షాడో ఆఫ్ ది కొలోసస్' 2005లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. ఫుమిటో ఉయెడా, ఆయన నడిపిన టీమ్ ఐకో దాన్ని చేశారు. నా దగ్గరున్నది 2018లో బ్లూపాయింట్ వాళ్లు ప్లేస్టేషన్ 4 కోసం మొత్తం మళ్లీ కట్టిన రూపం.

ఒక కుర్రాడు, ప్రాణం లేని అమ్మాయిని గుర్రం మీద ముందు పెట్టుకుని, నిషిద్ధ భూమిలోకి వస్తాడు. ఆ భూమికీ బయటి లోకానికీ మధ్య ఒకే ఒక్క వంతెన. ఎంత పొడవంటే, గుర్రం ఎంతసేపు నడిచినా అవతలి గుడి దగ్గరికి వచ్చినట్టే ఉండదు. వంతెన దాటుతున్నంతసేపూ మన చేతికి పని లేదు, చూస్తూ ఉండటమే. మొదటిసారి ఆడినప్పుడు ఇంత ఆలస్యం ఎందుకా అనుకున్నాను. ఈసారి అర్థమైంది. ఆ ఆలస్యమే మనకు చెబుతోంది, తిరిగి వెళ్లడం తేలిక కాదని.

గుడి దాటి గడ్డినేల మీదికి వచ్చాను. ఊరు లేదు, మనిషి లేడు, దారిలో అడ్డుపడే శత్రువు లేడు. ఆ నేలంతటికీ ఉన్నవి పదహారు మహాకాయాలు, అంతే. కత్తి ఎత్తి ఎండలో పట్టుకుంటే కిరణాలన్నీ ఒక్క దిక్కున కూడుకుంటాయి, అటు వెళ్లాలని గుర్తు. నేను కత్తి ఎత్తలేదు. తిరుగుతున్నంతసేపూ సంగీతం కూడా ఉండదు. గాలి, గుర్రపు డెక్కలు.

ఒక కనుమలో చిన్న ప్రయోగం చేశాను. గుర్రాన్ని పరుగందుకోనిచ్చి కంట్రోలర్ స్టిక్ మీది నుంచి బొటనవేలు తీసేశాను. నా గుర్రం అగ్రో ఆగలేదు. దారి వంపు తిరిగిన చోట తనే మెడ వంచి తిరిగింది. బండరాయి అడ్డొస్తే తనే పక్కకు తప్పుకుంది. చాలా గేముల్లో గుర్రం అంటే నాలుగు కాళ్ల మోటారు సైకిలు. దీనికి మాత్రం సొంత చూపు ఉంది. అందుకే అంత ఖాళీలోనూ ఒంటరిగా అనిపించలేదు, లేక ఒంటరితనం పంచుకున్నట్టు అనిపించింది.

పొద్దు పోయేదాకా తిరిగి ఒక మిట్ట ఎక్కి చూస్తే, దూరంగా నిలువునా ఆకాశంలోకి లేచిన కాంతి స్తంభాలు కనబడ్డాయి. అవి నేను ఎప్పుడో కూల్చిన వాటి గుర్తులు. పాత సేవ్ ఫైల్లో తొమ్మిదింటిని కూల్చి ఆపేశాను. నేల మీద నేను చేసిన పనులు తొమ్మిది చోట్ల వెలుగుతున్నాయి. ఒకదాని దగ్గరికి వెళ్లాను. ఒకప్పుడు నన్ను చూసి నిదానంగా తల తిప్పిన ప్రాణి, ఇప్పుడు మట్టి దిబ్బ. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఉయెడా పనితీరు గురించి మాట్లాడేవాళ్లు 'తీసివేత' అనే మాట వాడతారు: అవసరం లేనిదంతా తీసేస్తూ పోతే మిగిలినదానికి బలం వస్తుందని. ఆ నేల మీద ఇంకో పది రకాల జంతువులో, అమ్మకాలు చేసే మనుషులో ఉండి ఉంటే, నాకు ఆ దిబ్బ కనబడేది కాదు.

రెండో రోజు: ఎండ కాచే నగరం

ఈ రోజు కోసం నెల ముందు నుంచే సిద్ధపడ్డాను. 'డార్క్ సోల్స్' లో కొత్త పాత్ర మొదలుపెట్టి, సాయంత్రాల్లో కాస్త కాస్త ఆడుతూ, సెన్స్ ఫోర్ట్రెస్ అనే కోట పైన ఐరన్ గోలెం అనే ఇనుప రాక్షసుణ్ణి పడగొట్టి, అక్కడి వెలుగు వలయం ముందు ఆట ఆపి పెట్టుకున్నాను. ముట్టుకుంటే దేవుళ్ల నగరం అనోర్ లోండోకు ఎత్తుకుపోతారు. ఆ మొదటి చూపు ఒక పాత్రకు ఒక్కసారే దక్కుతుంది.

అయితే ముట్టుకోకుండా వెనక్కి తిరిగాను. ముందు ఈ గేమ్‌లో మనకు ఇల్లులాంటి చోటైన ఫైర్‌లింక్ దాకా కాలినడకన వెళ్లి రావాలి. తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎవరినీ కొట్టవా అక్కా?"

"దారికి అడ్డొస్తే తప్పదు. లేకపోతే లేదు."

"మరి చూడ్డానికేముంటుంది?"

"లిఫ్టు."

వాడికి వెంటనే గుర్తొచ్చింది, నవ్వాడు. 2011లో వచ్చిన గేమ్ ఇది, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్లది, దర్శకుడు హిదెటకా మియజాకి. మేమిద్దరం మొదటిసారి ఆడినప్పుడు వాడు చిన్నవాడు. ఫైర్‌లింక్‌లో మంట దగ్గర బయలుదేరి, పైకి పైకి ఎక్కుతూ పోయాం. శిథిలమైన ఇళ్ల కప్పులు, ఎద్దు తల రాక్షసుడు, నిప్పులు కక్కే డ్రాగన్ కాపలా కాసే వంతెన, ఆ తర్వాత చర్చి. ఎన్ని రాత్రులు పట్టిందో లెక్కలేదు. ఇల్లు వదిలి ఎంతో దూరం వచ్చేశాం అనిపించింది. చర్చిలో ఒక పక్కన లిఫ్టు కనబడితే ఎక్కాం. అది కిందికి దిగడం మొదలుపెట్టింది. దిగుతోంది, దిగుతోంది. గోడ మీద పచ్చటి నాచు కనబడింది, తర్వాత తెలిసిన సంగీతం సన్నగా వినబడింది. తలుపు దాటగానే వాడు అరిచాడు: "అక్కా, ఇది మన మంటే కదా!"

మన మంట. అంత దూరం నడిచి మేము చేరింది ఇంటి పై అంతస్తుకు. అప్పటిదాకా నా మనసులో అవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చే లెవెల్స్. ఆ క్షణం నుంచి అది ఒక ఊరు అయింది, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఊరు. ఎక్కడ నిలబడినా తల పైన ఏముందో, కాళ్ల కింద ఏముందో తెలిసిన ఊరు. సమాధుల చీకటి పాతాళంలో ఒక అంచు మీద నిలబడితే దూరంగా లావా వెలుగూ, బూడిద సరస్సులోని మహావృక్షాలూ కనబడతాయి. ఆ రెండు చోట్లకీ మనం నిజంగా నడిచి వెళ్లొచ్చు. గేమ్ సగం అయ్యేదాకా ఫాస్ట్ ట్రావెల్ ఇవ్వకపోవడం కష్టపెట్టడానికేనని చాలామంది అంటారు. నేనొప్పుకోను. నడవకపోతే ఆ ఊరు మన ఒంట్లోకి ఎక్కదు. ఇప్పటికీ కళ్లు మూసుకుని ఫైర్‌లింక్ నుంచి చర్చి దాకా మలుపు మలుపూ చెప్పగలను.

ఈసారి లిఫ్టులో ఇద్దరం మాట్లాడుకోలేదు. సంగీతం మొదలైన చోట వాడు కొంచెం ముందుకు వంగాడు.

మళ్లీ కోట పైకి చేరేసరికి చాలాసేపు పట్టింది. వలయం ముట్టుకున్నాను. రెక్కల దయ్యాలు భుజాలు పట్టి పైకి లేపి, ప్రాకారం అంచు దాటించాయి. అప్పటిదాకా బూడిద రంగు రాళ్లూ ఇరుకు మెట్లూ చూసిన కంటికి ఒక్కసారిగా బంగారు ఎండ, గోపురం వెనక గోపురం. దించిన చోట నుంచి కిందికి పోయే మెట్లు చూస్తే అవి మనిషి అడుగుకు కట్టినవి కాదని తెలుస్తుంది. తలుపులూ అంతే. దేవుళ్ల ఊళ్లోకి పిలవకుండా వచ్చినవాడి బెరుకు ఆ కొలతల్లోనే ఉంది. రాతి శిఖరాల్లో మిలాన్ కెథడ్రల్ ఛాయలు కనిపిస్తాయి. ఒక గదిలో నేల మీద నడిచే వీలు లేక పైకప్పు దూలాల మీద నడుస్తాం. కింద ఎక్కడో గోడకు ఒక పెద్ద వర్ణచిత్రం, దానిలోకి కూడా వెళ్లొచ్చు.

చివరి మందిరంలో గ్వినెవీర్ అనే దేవత పవళించి ఉంటుంది. ఆమె ఒక మాయ. ఒక్క బాణం తగిలితే చాలు, ఆమె మాయమవుతుంది, ఆమెతో పాటు ఆ ఎండ కూడా. నగరమంతా చీకటి. సూర్యుడు ఎప్పుడో లేడు, ఉన్నట్టు చూపిస్తున్నారంతే.

"వెయ్యనా అక్కా? నేనెప్పుడూ చీకట్లో చూళ్లేదు."

"వద్దురా. ఉండనీ."

వాడు బలవంతపెట్టలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాం పాత్రని. అబద్ధమని తెలిసిన ఎండలో, చాలాసేపు.

మూడో రోజు: నీళ్ల కింద, ఇనుప గోపురం కింద

పొద్దున ర్యాప్చర్ నగరం. 2007 నాటి 'బయోషాక్' గేమ్‌లోది. సమయం 1960, విమానం అట్లాంటిక్ నడిమధ్యలో కూలుతుంది. చుట్టూ మండుతున్న పెట్రోలు, ఎదురుగా ఒక లైట్‌హౌస్. వేరే దారి లేదు కాబట్టి ఈదుతాం. లోపల దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతాయి. మెట్లు దిగితే ఒక గుండ్రటి జలాంతర వాహనం. లీవర్ లాగితే కిందికి. తెర మీద ఆండ్రూ రయాన్ తన నగరం గురించి ఉపన్యాసం మొదలుపెడతాడు, తెర పైకి లేస్తుంది, కిటికీ అవతల సముద్రం అడుగున నియాన్ బోర్డులు వెలుగుతూ ఆకాశహర్మ్యాలు. వాటి మధ్య నుంచి తిమింగలం మబ్బులా సాగిపోతుంది.

ఉపన్యాసం అవతల నగరాన్ని దాచి ఉంచడం గొప్ప ఆలోచన. ముందు మాట వింటాం, తర్వాత రుజువు చూస్తాం, ఒక్క నిమిషం ఆ మనిషిని నమ్మేస్తాం. దిగాక మొదటి గదిలోనే నమ్మకం పోతుంది. ఆ తర్వాత ఒక గాజు సొరంగంలో నడుస్తుంటే, మనం వచ్చిన విమానం తోక భాగం పై నుంచి వచ్చి సొరంగాన్ని చీల్చుకుని దూసుకొస్తుంది. ఈసారి పగిలిన అంచు దగ్గరికి వెళ్లి చూశాను. నీళ్లు పలకలా జారుతున్నాయి, వాటి వెనక నియాన్ ఎరుపు కరిగినట్టు కదులుతోంది. ఆర్ట్ డెకో అనే పాతకాలపు కట్టడాల శైలిలోని ఆ సొగసంతా నీటి బరువు కింద ఉందని ప్రతి కిటికీ గుర్తు చేస్తూనే ఉంటుంది. అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయాను. ఊపిరాడనట్టు ఉంటుంది, అలా ఉండాలనే కట్టారు.

మధ్యాహ్నం 'హాఫ్ లైఫ్ 2' (2004) లోని సిటీ 17. రైలు దిగి స్టేషన్ బయటికి వస్తే చౌరస్తా, పాత తూర్పు యూరప్ భవనాలు, వాటన్నిటి వెనక మబ్బుల్లోకి పోయిన నల్లటి ఉక్కు గోపురం, సిటడెల్. ఎవరూ వేలు పెట్టి చూపించరు. అయినా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది, ఏదో ఒక రోజు అక్కడికి వెళ్లాల్సిందేనని. ఈ ఊరికి రూపం ఇచ్చిన విక్టర్ ఆంటొనోవ్ బల్గేరియాలోని సోఫియాలో పుట్టి పెరిగినవాడు. గోడల పాత పెచ్చుల పక్కనే పరాయి లోహం మొలిచినట్టుండే ఆ తీరు, ఊహతో మాత్రమే రాదు, ఆ వీధుల్లో పెరిగిన కన్ను ఉండాలి. తర్వాత 2012లో 'డిజానర్డ్' లోని డన్‌వాల్ నగరానికీ ఆయన చేతి గీత ఉంది. 2025లో కన్నుమూశారు. చౌరస్తాలో నిలబడి గోపురం వైపు చూస్తూ ఆయన్ని తలచుకున్నాను.

నాలుగో రోజు: గాలి చెప్పిన దారి

'ఘోస్ట్ ఆఫ్ సుషిమా' (2020). రోజంతా గుర్రం మీదే. ఇందులో తెర మూలన చిన్న మ్యాపు ఉండదు. టచ్‌ప్యాడ్ మీద వేలితో పైకి రాస్తే గాలి వీస్తుంది, మనం వెళ్లాల్సిన వైపుకు. ఆకులు అటు ఎగురుతాయి, గడ్డి అటు వాలుతుంది. దారి అడిగితే ఊరే సమాధానం చెప్పినట్టు. మిగతా గేముల్లో మ్యాపు మూలకు చూస్తూ అసలు ఊరిని చూడకుండా ఎన్ని మైళ్లు తిరిగానో తలచుకుంటే బాధేసింది.

తెల్లటి రెల్లుగడ్డి మైదానంలో గుర్రం పరుగెడుతుంటే, మనం నడిపే వీరుడు జిన్ ఒక పక్కకు వంగి చెయ్యి చాచి గడ్డి మీద రాస్తూ పోతాడు. దాని కోసం మనం నొక్కాల్సిన బటనేదీ లేదు. ఎవరో ఒకరు, ఇలాంటి మైదానంలో మనిషి చెయ్యి ఊరికే ఉండదని తెలిసినవారు, దాన్ని పెట్టారు. నేను అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాను ఆ ఒక్క చెయ్యి కోసమే. తర్వాత బంగారు ఆలయం చుట్టూ ఉన్న పసుపు అడవి. నేలంతా పసుపే, రాలుతున్నది పసుపే.

నిజమైన సుషిమా ద్వీపానికి ఇన్ని రంగులు లేవు. అక్కడి కొండలూ తీరాలూ తీసుకుని, గుర్తుండే రంగులు అద్దారు. అయినా ఆ రంగులు నిజమైన ద్వీపానికి పనికొచ్చాయి. 2020లో తుఫానుకు అక్కడి వతజుమి ఆలయం ద్వారం కూలిపోతే, మళ్లీ నిలబెట్టడానికి విరాళాలిచ్చినవాళ్లలో ఈ గేమ్ ఆడినవాళ్లు ఎంతోమంది. 2021లో గేమ్ దర్శకులు నేట్ ఫాక్స్, జేసన్ కానెల్‌లను ఆ ద్వీపం పర్యాటక రాయబారులుగా ప్రకటించింది. ఎన్నడూ చూడని ఊరి గుమ్మం కూలిందంటే ఎవరికో గుండె చివుక్కుమన్నది. దాన్ని నేను పూర్తిగా అర్థం చేసుకోగలను.

ఐదో రోజు: వానలో చిక్కుకున్న రోజు

'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' (2017)కి కొత్త ఆట మొదలుపెట్టాను. గుహలో కళ్లు తెరిచి, వెలుతురు వైపు పరుగెత్తి, కొండ అంచున ఆగితే హైరూల్ అంతా కాళ్ల ముందు. పొగలు కక్కే డెత్ మౌంటెన్, మధ్యలో కోట, నిలువునా రెండుగా చీలిన జంట శిఖరాలు. పియానో స్వరాలు నాలుగైదు, అంతే. చూసినవాటిలో ఏదీ తెర మీద అతికించిన బొమ్మ కాదు. అన్నిటి దగ్గరికీ నడిచి వెళ్లొచ్చు.

జంట శిఖరాల మీదికి ఎక్కాలని బయలుదేరాను. ముందుగా పీఠభూమి దిగడానికి గ్లైడర్ కావాలి, దానికి నాలుగు మందిరాలు తిరగాలి, అదంతా మధ్యాహ్నానికి అయింది. ఇక నేరుగా శిఖరాలకే అనుకున్నాను. పోలేకపోయాను. ఒక గుట్ట పక్క నుంచి తిరిగితే చెరువు కనబడింది, చెరువు దగ్గరికి వెళితే పాడుబడ్డ గోడ, గోడ ఎక్కితే అవతల పొగ. ఇది నా చపలత్వం అనుకునేదాన్ని. దీని వెనక లెక్క ఉందని తర్వాత తెలిసింది. 2017లో జపాన్‌లో గేమ్ తయారీదారుల సమావేశంలో నింటెండో వాళ్లు చెప్పిన త్రిభుజాల సూత్రం అది. నేలనంతా రకరకాల కొలతల త్రిభుజాలతో కట్టారు. త్రిభుజం ఎదురైతే ఎక్కాలా, చుట్టూ పోవాలా అని మనం తేల్చుకోవాలి. దాని వెనక ఏముందో కొంత దాగి ఉంటుంది, దగ్గరయ్యేకొద్దీ బయటపడుతుంది. పెద్ద త్రిభుజం దూరం నుంచి పిలవడానికి, చిన్నవి దారిలో నిలబెట్టడానికి. దర్శకుడు ఫుజిబయాషి తన ఊరు క్యోటో పటాన్ని ఆ నేల మీద పరిచి, ఎంత దూరానికి ఏం ఉండాలో కొలుచుకున్నాడట. రోజూ నడిచే మనిషి కాళ్ల లెక్క అన్నమాట.

చివరికి శిఖరం పాదం దగ్గరికి చేరేసరికి సాయంత్రమైంది. సగం ఎక్కానో లేదో వాన. ఈ గేమ్‌లో వానలో రాయి జారుతుంది. నాలుగు అడుగులు ఎక్కితే రెండు జారుతాయి, శక్తి చక్రం ఎర్రబడుతుంది, పట్టు వదిలేస్తాం. మూడుసార్లు పడ్డాను. మూడోసారి ఒక రాతి గూట్లోకి దూరి, కట్టెలు పెట్టి మంట వేసుకుని కూర్చున్నాను. తమ్ముడు అటుగా వెళ్తూ చూసి, "ఏంటక్కా, ఆగిపోయావ్?" అన్నాడు.

"వాన తగ్గాలి."

వాడూ కూర్చున్నాడు. గూడు అంచు నుంచి చినుకులు జారుతున్నాయి, మెరుపుకు లోయ ఒక్క క్షణం తెల్లగా కనిపించి పోతోంది. మేమిద్దరం ఎవరో తయారుచేసిన వాన తగ్గడం కోసం ఎదురుచూస్తున్నాం. వాన ఎక్కడాన్ని పాడు చేస్తుందని ఈ గేమ్‌ను తిట్టేవాళ్లున్నారు. నాకు మాత్రం హైరూల్‌లో అన్నిటికన్నా గట్టిగా గుర్తుండబోయేది ఆ గూడే. దానికి పేరు కూడా లేదు.

తెల్లవారుజామున శిఖరం ఎక్కాను. బయలుదేరిన పీఠభూమి దూరంగా, చిన్నగా కనబడింది.

ఆరో రోజు: ఇరవై రెండు నిమిషాలు

ఈ వారంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు 'అవుటర్ వైల్డ్స్'. అలెక్స్ బీచమ్ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చదువు కోసం చేసిన పనిగా మొదలై, 2019లో పూర్తి రూపంలో బయటికి వచ్చింది. ఒక బుల్లి సౌరమండలం. కొయ్యా ఇనుమూ కలిపి కొట్టిన ఒక ఓడ. ఇరవై రెండు నిమిషాల తర్వాత సూర్యుడు పేలిపోతాడు. మళ్లీ చలిమంట దగ్గర కళ్లు తెరుస్తాం. తెలుసుకున్న సంగతులు తప్ప చేతిలో ఏదీ మిగలదు. తలుపు తాళం చెవులు, కొత్త ఆయుధాలు, ఏవీ లేవు. ఏ చోటుకు ఎప్పుడు వెళ్లాలో తెలియడమే తాళం చెవి.

ఇసుక గడియారం జంట దగ్గర ఒక చుట్టు, అంటే ఆ ఇరవై రెండు నిమిషాలూ, గడిపాను. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు గ్రహాలు. ఒకదాని మీది ఇసుక ధారగా లేచి రెండోదాని మీద పోస్తూ ఉంటుంది. ఒక గ్రహంలో లోయలు నిండిపోతుంటాయి, రెండోదాని మీద పూడిపోయిన గోపురాలు బయటపడుతుంటాయి. ఐదో నిమిషంలో ఉన్న గుహ పదిహేనో నిమిషంలో ఉండదు. చోటు అంటే స్థలం ఒక్కటే అనుకుంటాం, ఇక్కడ కాలం కూడా దానిలో భాగం. ఆ కదలికంతా లెక్క ప్రకారం నిజంగానే జరుగుతుంది. అంత పెద్ద లోకంలో లెక్క తప్పిపోకుండా, ఆడేవాళ్లను మధ్యలో కదలకుండా ఉంచి సౌరమండలాన్నే చుట్టూ తిప్పుతారు. ఓడ నడుపుతూ ఈ సంగతి తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత బ్రిటిల్ హాలో. పై పెంకు మాత్రమే ఉన్న డొల్ల గ్రహం. లోపల, నడిమధ్యలో కృష్ణబిలం. పక్కనే తిరిగే అగ్నిచంద్రుడు విసిరే నిప్పు బండలకు పెంకు ముక్కలు ముక్కలుగా విరిగి లోపలికి పడిపోతుంటుంది. ఆ పెంకు అడుగు భాగానికి, తలకిందులుగా, ఒక నగరం వేలాడుతోంది. ఎప్పుడో అంతరించిన నోమై జాతి కట్టుకున్నది. అక్కడ పిల్లలు చదువుకున్న చోటు ఉంది, గోడల మీద చుట్టలు చుట్టలుగా వాళ్ల రాతలున్నాయి, ఒకరి మాటకు ఇంకొకరి జవాబు కొమ్మలా మొలిచినట్టు. కింద నోరు తెరుచుకున్న బిలం, పైన ఇళ్లు. భయంతో బతికినవాళ్లు కట్టిన ఇళ్లలా లేవవి. కుతూహలంతో బతికినవాళ్లవి.

ఒక వంతెన అంచున నిలబడి ఉన్నాను. నా వెనక పెంకు ముక్క ఒకటి ఊడింది. అరుపులాంటి లోహపు చప్పుడు, తర్వాత నిశ్శబ్దం, అది తిరుగుతూ తిరుగుతూ చిన్నదైపోయి బిలం అంచున సాగినట్టయి మాయమైంది. తర్వాత నేనే దూకాను. భయం వేసింది, చాలాసార్లు దూకినా వేస్తుంది. బిలం అవతలి వైపు సౌరమండలం చివర తెల్లటి వెలుగు నుంచి బయటపడతాం. అక్కడ, నాకంటే ముందు పడిన పెంకు ముక్క నిదానంగా తిరుగుతూ తేలుతోంది.

అక్కడ తేలుతూనే శబ్దాలు పట్టే దుర్భిణిని సూర్యుడి వైపు తిప్పాను. గ్రహానికి ఒకరుగా విడిపోయిన నేస్తాలు వాయించేవి వినబడ్డాయి. ఒకరి బాంజో, ఒకరి వేణువు, ఒకరి డప్పు, ఒకరి ఈల, ముళ్ల పొగమంచు లోపలి నుంచి ఎవరిదో మౌతార్గాన్. ఎవరికి వారే వాయిస్తున్నారు, ఒకరిది ఒకరికి వినబడదు. దూరం నుంచి వినేవారికి మాత్రం అన్నీ కలిసి ఒకే పాట. సూర్యుడు ఎర్రబడి ఉబ్బాడు. చివరి నిమిషాల సంగీతం మొదలైంది. దుర్భిణి దించకుండా అలాగే విన్నాను, నీలి వెలుగు వచ్చి తాకేదాకా.

ఏడో రోజు: కొండ వైపు

చివరికి 'జర్నీ'ని ఉంచుకున్నాను. 2012 నాటిది, దట్‌గేమ్‌కంపెనీ వాళ్లది, దర్శకుడు జెనోవా చెన్. దాని సంగీతానికి ఆస్టిన్ వింటరీ గ్రామీ నామినేషన్ దాకా వెళ్లాడు. రెండు గంటల ప్రయాణం. మాట లేదు, రాత లేదు. ఇసుకలో లేచి కూర్చుంటాం, ఒక దిబ్బ ఎక్కుతాం, దూరంగా కొండ, దాని నడినెత్తిన చీలికలో వెలుగు. అక్కడికి వెళ్లాలని ఎవరైనా చెప్పాలా?

విరిగిన వంతెన దగ్గర ఇంకొకరు కలిశారు. ప్రపంచంలో ఎక్కడో ఉన్న మనిషి. పేరు కనబడదు, మాట్లాడే వీలు లేదు, ఒక్క కూత వేయగలం. కొన్నాళ్లుగా ఆడుతున్న మనిషనుకుంటాను, మెడ గుడ్డ నాదానికన్నా చాలా పొడుగ్గా ఉంది. దాగిన గుర్తుల దగ్గరికి తీసుకెళ్లి, నేను అందుకునేదాకా పక్కన ఆగి, చిన్నగా కూత వేసేవారు. తమ్ముడు ఈ గేమ్ ఆడలేదు. నా వెనక నిలబడి చూస్తున్నవాడు ఎప్పుడు కూర్చున్నాడో చూసుకోలేదు.

మునిగిపోయిన నగరం. ఇసుక వాలు మీద జారుతూ జారుతూ ఒక స్తంభాల వరస పక్కకు వస్తాం. అక్కడ కెమెరా తనంతట తానే పక్కకు తిరుగుతుంది. వాలిన సూర్యుడు, ఇసుక మొత్తం కరిగిన బంగారం, స్తంభాల నీడలు ఒకటొకటిగా మీది నుంచి పోతుంటాయి, వాటి సందుల్లోంచి ఆ కొండ. అప్పటిదాకా కొండ ముందు ఉండేది, ఇప్పుడు పక్కన ఉంది, మనతో పాటు వస్తోంది. ఆ వాలు కొద్ది క్షణాలే. వేగం, ఎండ, కొండ, పక్కన ఇంకొక మనిషి, నాలుగూ ఒకేసారి దొరికే చోటు నాకు ఇంకెక్కడా తారసపడలేదు. తోడొచ్చినవారు నాకంటే ముందున్నారు. వేగం తగ్గించి నాతో సమానంగా వచ్చారు.

తర్వాత లోతు, చీకటి, గోపురం. ఆ పైన మంచు. ఎదురుగాలికి మెడ గుడ్డ గడ్డకట్టి చిన్నదైపోతుంది. ఇద్దరం దగ్గరగా నడిస్తే ఆ గుడ్డలు కాస్త వెలుగుతాయి. కదలలేని స్థితి వచ్చేదాకా ఒకరినొకరు ఆనుకుని నడిచాం. కూతలు కూడా సన్నబడిపోయాయి.

"పడిపోతారా అక్కా?"

చెప్పలేదు.

శిఖరం మీది మంచులో, వెలుగులోకి వెళ్లే ముందు, వారు పాదాలతో ఏదో గీస్తూ అటూ ఇటూ నడిచారు. చివరికి హృదయం ఆకారం. నాకూ రాయాలనిపించి పక్కన ఇంకోటి గీశాను, వంకరగా వచ్చింది. ఇద్దరం కలిసి నడిచాం. అంతా అయ్యాక ఆ ప్రయాణంలో కలిసినవారి పేరు తెర మీద ఒక్కసారి కనిపిస్తుంది. చూసి, మనసులో ఉంచుకున్నాను.

కొండ చీలిక నుంచి ఒక నక్షత్రం లేచి వెనక్కి ఎగిరింది. మంచు మీదుగా, గోపురం మీదుగా, బంగారు వాలు మీదుగా, విరిగిన వంతెన దాటి, మొదట కళ్లు తెరిచిన దిబ్బ మీద వాలింది. మళ్లీ మొదలుపెట్టమన్నట్టు తెర ఆగి ఉంది.

తమ్ముడు చెయ్యి చాచాడు. కంట్రోలర్ వాడి చేతికిచ్చి, పక్కకు జరిగి కూర్చున్నాను.